పాటను గోడకంటించిన వాళ్ళు

1881 వేసవిలో పారిస్‌లో కొద్ది వారాల తేడాతో రెండు సంగతులు జరిగాయి. పైకి చూస్తే ఒకదానితో ఒకదానికి ఏ చుట్టరికమూ లేదు. జులై 29న పత్రికా స్వేచ్ఛ చట్టం వచ్చింది. ఆగస్టులో, షాంజెలీజే పక్కనున్న పరిశ్రమల ప్యాలెస్‌లో అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శన మొదలైంది. మొదటిది పారిస్ గోడల తలరాత మార్చింది, రెండోది పారిస్ చెవులకు కొత్త అలవాటు నేర్పింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఈ రెండూ ఒకే పోస్టరులో కలిశాయి. ఆ పోస్టరు, దాన్ని అచ్చువేసిన రాయి, అది అమ్మజూపిన శబ్దం, ఆ శబ్దాన్ని విన్న చెవి. ఈ అధ్యాయం వాటి గురించి.

ముందు చట్టం సంగతి. అంతవరకూ గోడ మీద కాగితం అంటించాలంటే సర్కారు అనుమతి కావాలి. కొత్త చట్టం ఆ కట్టు విప్పేసింది. ఎక్కడ అంటించకూడదో అధికారులే చెప్పాలి, మిగతా చోట్ల ఎవరి ఇష్టం వారిది. "పోస్టర్లు అంటించరాదు, 1881 జులై 29 చట్టం" అని రాసిన గోడలు ఫ్రాన్సులో ఇవాళ్టికీ కనిపిస్తాయి. ఆ చట్టంలోనే ఇంకో చిత్రమైన షరతు ఉంది. తెల్ల కాగితం మీద ప్రకటనలు వేసుకునే హక్కు ప్రభుత్వానిది మాత్రమే. వ్యాపారి కాగితం సర్కారీ కాగితంలా కనిపించకూడదు. పారిస్ పోస్టరు రంగుల్లో మునిగితేలడానికి కళాకారుల ఉత్సాహంతోపాటు ఈ షరతు కూడా కొంత తోడ్పడిందేమో అనిపిస్తుంది.

ఇక ప్రదర్శన సంగతి. అక్కడ ఎడిసన్ దీపాలు వెలిగాయి, డైనమోలు తిరిగాయి. కానీ సాయంత్రం పూట జనం బారులు తీరింది మాత్రం పెద్దగా వెలుతురు లేని గదుల ముందు. ఆ గదుల్లో గోడల పొడుగునా టెలిఫోను రిసీవర్లు జంటలు జంటలుగా వేలాడుతున్నాయి. రెండు చెవులకూ ఒక్కొక్కటి ఆనించుకుంటే, సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒపేరా భవనంలో ఆ క్షణాన పాడుతున్న పాట వినిపించేది. దీన్ని అమర్చినవాడు క్లెమాన్ ఆదేర్ అనే ఇంజనీరు. ఇదే ఆదేర్ 1890 అక్టోబరులో గబ్బిలం రెక్కల ఆవిరి విమానం ఒకటి చేసి, నేలకు జానెడెత్తున యాభై మీటర్ల దాకా ఎగిరించాడు. మనుషులను గాలిలోకి లేపడం, పాటను తీగలోకి దించడం, రెండు పిచ్చులూ ఒకే తలలో ఉండేవి.

ఆదేర్ ట్రాన్స్‌మిటరు చూడటానికి మామూలు చెక్కపలక. దాని అడుగున బొగ్గు కడ్డీలు కొన్ని వదులుగా అమర్చి ఉంటాయి. శబ్దం తగిలితే పలక వణుకుతుంది, కడ్డీల మధ్య పట్టు బిగుస్తుంది, వదులవుతుంది. బిగిస్తే కరెంటు ఎక్కువ పారుతుంది, వదులైతే తక్కువ. అలా గాలిలోని అల కరెంటులోని అలగా మారుతుంది. అవతలి కొసన విద్యుదయస్కాంతం ఒక పలుచటి ఇనుప రేకును అదే లయలో కదిలించి దాన్ని మళ్ళీ గాలిలోకి వదులుతుంది. వినడానికి తేలిగ్గానే ఉంది. కానీ ఒపేరా వేదిక మీద నృత్యం కూడా ఉంటుంది. నాట్యకత్తెల అడుగుల అదురు చెక్కగుండా పాకి బొగ్గు కడ్డీలను కుదిపేస్తుంది. అందుకని ఆదేర్ ఒక్కో ట్రాన్స్‌మిటరునూ సీసపు దిమ్మ మీద పెట్టి, దాని కింద రబ్బరు కాళ్ళు తగిలించాడు. సీసం బరువు, రబ్బరు మెత్తదనం కలిసి నేల అదురును మింగేశాయి. బ్యాటరీలది ఇంకో తలనొప్పి. కాసేపటికే లోపలి పలక మీద హైడ్రోజన్ వాయువు పొరగా పేరుకుని కరెంటు సన్నబడుతుంది. అందుకని ఒక బ్యాటరీ అలిసిపోగానే ఇంకోదానికి మార్చే ఏర్పాటు చేశారు. తీగలను ఎక్కడినుంచి లాగాలి? పారిస్ మురుగునీటి సొరంగాలు ఎలాగూ ఉన్నాయి. ఒపేరా సంగీతం మురుగుకాలవల గుండా ప్రయాణించి శ్రోతలను చేరింది.

అసలు ఆశ్చర్యం ఇంకోటి ఉంది. వేదిక ముందంచున, పాత్రధారులకు మాట అందించేవాడి గూటికి అటూ ఇటూ ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. ఎడమ వైపు దాని తీగ శ్రోత ఒక చెవికి, కుడి వైపు దాని తీగ రెండో చెవికి. గాయకుడు వేదిక మీద ఎడమ నుంచి కుడికి నడిస్తే, వినేవాడికి గొంతు కూడా అలాగే నడిచినట్టు తెలిసింది. మన రెండు చెవుల మధ్య ఎడం జానెడు కన్నా తక్కువ. పక్కనుంచి వచ్చే శబ్దం ఒక చెవి కన్నా రెండో చెవికి, సెకనులో పదివేల వంతులు చేస్తే వాటిలో ఆరో ఏడో భాగాలంత ఆలస్యంగా చేరుతుంది. తల అడ్డం కావడంవల్ల కొంచెం మెత్తబడి కూడా చేరుతుంది. ఈ చిన్న తేడాల లెక్క కట్టి మెదడు 'అదుగో అటువైపు' అంటుంది. ఆదేర్ తీగలు ఈ తేడాలను చెరపకుండా మోసుకెళ్ళాయి. ఈనాడు స్టీరియో అంటున్నది అదే. పాటను నిలవచేసే యంత్రాలు స్టీరియో నేర్చుకోవడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది.

ఆ నవంబరులో నవలాకారుడు విక్టర్ హ్యూగో తపాలా మంత్రి ఇంటికి మనవడితో, మనవరాలితో వెళ్ళి ఈ రిసీవర్లు చెవులకు పెట్టుకున్నాడు. అప్పటికి ఆయనకు ఎనభయ్యో పడి దగ్గరకొచ్చింది. పిల్లలు సంబరపడ్డారనీ తానూ పడ్డాననీ రాసుకున్నాడు.

ప్రదర్శన ముగిసింది. కానీ ఒకసారి ఇంత మందికి రుచి చూపించాక వ్యాపారం ఊరుకోదు. 1890లో మారినోవిచ్, సార్వాడీ అనే ఇద్దరు ఇంజనీర్లు థియాట్రోఫోన్ కంపెనీ పెట్టారు. హోటళ్ళలో, కేఫుల్లో, క్లబ్బుల్లో చిన్న పెట్టెలు పెట్టారు. పెట్టెలో నాణెం వేసి రిసీవర్లు చెవులకు పెట్టుకుంటే ఐదు నిమిషాల నాటకమో ఒపేరానో. యాభై సెంటీముల నాణేనికి ఐదు నిమిషాలు, ఫ్రాంకుకు పది. చందా కడితే ఇంటికే లైను. పారిస్ కార్మికుడి రోజు కూలి ఐదు ఫ్రాంకుల చుట్టుపక్కల తిరుగుతున్న కాలం అది. ఐదు నిమిషాల పాటకు రోజు సంపాదనలో పదో వంతు. కాబట్టి ఈ సరుకు ఎవరికోసమో వేరే చెప్పక్కర్లేదు. ఆ కార్మికుడికి ఇందులో దక్కింది గోడ మీది పోస్టరు. దాన్ని చూడటానికి నాణెం అక్కర్లేదు.

ఆ పోస్టరు గీసినవాడు ఝూల్ షెరే.

షెరే 1836లో పేద ఇంట్లో పుట్టాడు. తండ్రి అచ్చుపని మనిషి. పదమూడో ఏట రాతి అచ్చు కార్ఖానాలో పనికి కుదిరాడు. తరవాత లండన్ వెళ్ళి కొన్నేళ్ళు పనిచేశాడు. రిమెల్ అనే అత్తరు వ్యాపారి పెట్టుబడి పెట్టడంతో 1866లో పారిస్‌లో సొంత ప్రెస్సు తెరిచాడు. చిత్రకారుడు బొమ్మ గీసిస్తే అచ్చువేసేవాడు దాన్ని రాతిమీద నకలు దించడం అప్పటి రివాజు. షెరేది చిత్రకారుడి చెయ్యీ, అచ్చుపనివాడి చెయ్యీ కూడా. తానే రాతి మీద గీసేవాడు. జీవితంలో వెయ్యికి పైగా పోస్టర్లు వేశాడు. 1890లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు లెజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. గోడలకు అంటించే కాగితాలు గీసినందుకు ఇంత పెద్ద బిరుదు రావడం ఆనాటి ఛాందసులు కొందరికి మింగుడుపడి ఉండదు.

థియాట్రోఫోన్ పోస్టరు కూడా 1890లోదే. ఆయన ముందున్న చిక్కు ఆలోచించండి. సబ్బు అమ్మాలంటే సబ్బు బొమ్మ గీయొచ్చు. సర్కసు అమ్మాలంటే గుర్రం గీయొచ్చు. ఇక్కడ అమ్ముతున్నది శబ్దం. కాగితానికి నోరు లేదు. యంత్రాన్ని గీద్దామంటే అదొక చెక్కపెట్టె, దానికో నాణెం బెజ్జం, రెండు తీగలు. దాన్ని చూసి ఎవరి మనసు ఉప్పొంగుతుంది? ఒపేరా వేదికను గీద్దామంటే అది ఒపేరా పోస్టరవుతుంది, టెలిఫోను పోస్టరు కాదు.

షెరే వినే మనిషిని గీశాడు. పసుపు గౌనులో ఒక అమ్మాయి. రెండు చెవుల దగ్గరా రిసీవర్లు. ఆమె వెనక ముదురు ఛాయలు. ముఖం మీద విరిసీ విరియని నవ్వు. ఆమెకు వినిపిస్తున్నదేమిటో మనకు తెలియదు, తెలుసుకోవాలనిపిస్తుంది. వీధిలో పోయేవాడి చేత నాణెం తీయించేది ఆ కుతూహలమే. శబ్ద యంత్రాల ప్రకటనల్లో ఇంతకన్నా మంచి ఉపాయం ఆ తర్వాత కూడా రాలేదని నా అభిప్రాయం. వచ్చినవన్నీ దీని చుట్టూ తిరిగినవే.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. షెరే పోస్టర్లలో ఆ అమ్మాయి ఎప్పుడూ ఒక్కతే. థియాట్రోఫోన్ వినేదీ ఆమే, సాక్సొలీన్ దీపపు నూనె కంపెనీకి దీపం వత్తి సరిచేసేదీ ఆమే, మందు గ్లాసు ఎత్తేదీ ఆమే. పారిస్ జనం ఆ బొమ్మలకు షెరేత్ అని పేరే పెట్టేశారు. ఏ సరుకైనా ఒకే నవ్వు. వ్యాపార ప్రకటనలో ఆడమనిషి నవ్వును అన్నిటికీ సరిపోయే తాళంచెవిగా వాడే అలవాటుకు ఆయన బాధ్యత తక్కువేమీ కాదు. అలాగని ఆ రోజుల్లో అంత ధీమాగా, ఒంటరిగా, ఎవరి అనుమతీ అడగనట్టు నిలబడ్డ ఆడవాళ్ళు గోడల మీద తప్ప మరెక్కడా కనిపించేవారు కాదన్న వాదన కూడా ఉంది. రెండూ నిజమే.

ఇప్పుడు రాయి దగ్గరికి వద్దాం. ఇందులో విజ్ఞానశాస్త్రం పాలు ఎక్కువ.

రాతి అచ్చును 1796 ప్రాంతంలో బవేరియాలో అలోయ్స్ సెనెఫెల్డర్ కనిపెట్టాడు. జోల్న్‌హోఫెన్ గనుల సున్నపురాయి దీనికి శ్రేష్ఠం. మెత్తటి ఒండ్రు లక్షల ఏళ్ళు పేరుకుని గట్టిపడిన రాయి అది. నున్నగా, సన్నటి రేణువులతో ఉంటుంది. దాని మీద మైనం, కొవ్వు, సబ్బు కలిపిన నల్లటి క్రేయానుతో బొమ్మ గీస్తారు. క్రేయానులోని కొవ్వు ఆమ్లాలు సున్నపురాతిలోని కాల్షియంతో కలిసి నీటిలో కరగని కాల్షియం సబ్బుగా మారి రాతికి అంటుకుపోతాయి. ఆ పైన తుమ్మజిగురు లాంటి అరబిక్ గమ్మును కాస్త నైట్రిక్ ఆమ్లంతో కలిపి రాయంతా పూస్తారు. గీత పడని చోట జిగురు పట్టుకుంటుంది, అక్కడ నీళ్ళు నిలుస్తాయి. ఆ తర్వాత క్రేయాను నలుపును తుడిచేసినా బొమ్మ పోదు. రాతిని తడిపి నూనె సిరా రోలరు దొర్లిస్తే, తడి ఉన్న చోట సిరా అంటదు, నూనె చేతి మీద నీళ్ళు నిలవనట్టు. కొవ్వున్న చోటే అంటుతుంది. కాగితం పరిచి ఒత్తితే బొమ్మ దిగుతుంది. చెక్కడం లేదు, తవ్వడం లేదు, ఎత్తుపల్లాలు లేవు. ఇక్కడ రసాయన శాస్త్రమే ఉలి పని చేసింది.

కాకపోతే బొమ్మ తిరగేసి గీయాలి, అక్షరాలతో సహా. పైగా రాయి బరువు. షెరే పోస్టరు ఎత్తు సుమారు 120 సెంటీమీటర్లు, వెడల్పు 90కి కాస్త తక్కువ. రాయి మందం పది సెంటీమీటర్లు అనుకుంటే దాని బరువు 280 కిలోల దాకా తేలుతుంది. ఒక రంగుకు ఒక రాయి. అందుకే ఎన్ని రాళ్ళతో పని గడుస్తుందన్నది ప్రెస్సు యజమానికి ప్రాణసంకటం. అంతకు ముందు మంచి రంగుల బొమ్మకు పది పన్నెండు రాళ్ళు వాడటం మామూలు. షెరే గొప్పతనం మూడు రాళ్ళతో సరిపెట్టడంలో ఉంది. ఒక రాయి నలుపు. ఇంకోటి ఎరుపు. మూడోది విచిత్రమైనది. దాని మీద పైనుంచి కిందికి చల్లటి నీలి ఛాయ మెల్లగా వెచ్చటి పసుపు నారింజలోకి కరిగిపోయేలా సిరా పూసేవారు. మూడే రాళ్ళు, కాగితం మీద మాత్రం లెక్కలేనన్ని రంగులు. 1890 ప్రాంతానికి నలుపును కూడా వదిలి ముదురు నీలం వాడటం మొదలెట్టాడు. దాంతో బొమ్మల్లోకి వెలుతురు వచ్చింది. ప్రతి కాగితమూ ఒక రాయి మీద నుంచి ఇంకో రాయి మీదికి వెళ్ళినప్పుడు వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట కూర్చోవాలి. మన ప్రెస్సు వాళ్ళు ఇప్పటికీ 'రిజిస్ట్రేషన్' అనేది దీన్నే. అది తప్పితే అమ్మాయి పెదవి చెంప మీదికి జరుగుతుంది.

ఇన్ని రంగులు ఎక్కడినుంచి వచ్చాయి? సగం కాగితం మీద, సగం మన కంట్లో. షెరే కుచ్చును సిరాలో ముంచి, రాతి మీద తుంపర చల్లేవాడు. ఎర్రటి తుంపర కింద పసుపు ఉంటే అక్కడక్కడ అవి ఒకదాని మీద ఒకటి పడి నారింజ అవుతాయి. మిగతా చోట విడివిడి చుక్కలుగానే ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఆ చుక్కలు కూడా కలిసిపోతాయి. ఆరోగ్యమైన కన్ను, డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీయలేదు. ఐదు మీటర్ల దూరంలో ఆ కోణం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు. వీధికి అటు పక్క నడిచేవాడికి ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపు చుక్కలన్నీ ఒకే రంగు. షెరే తుంపర వీధి వెడల్పుకు తగ్గ తుంపర. ఇక ఆ పసుపు గౌను. పక్కపక్కనున్న రెండు రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయని ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రెల్ 1839లోనే పుస్తకం రాశాడు. గోబెలిన్ తివాచీ కార్ఖానాలో అద్దకాల విభాగం పెద్ద ఆయన. అద్దకం బాగోలేదని వచ్చిన ఫిర్యాదులను వెతుక్కుంటూ పోతే తప్పు రంగుది కాదు, పక్క రంగుది అని తేలింది. నీలి ఛాయల పక్కన పసుపు తన సత్తువకు మించి మెరుస్తుంది. థియాట్రోఫోన్ పోస్టరు ఆ మెరుపు మీదే బతికింది.

రాతి అచ్చు రంగుల సందడి పారిస్‌తో ఆగలేదు. 1894లో రాజా రవివర్మ జర్మన్ యంత్రాలతో, జర్మన్ పనివాళ్ళతో బొంబాయిలో ప్రెస్సు పెట్టాడు. తెలుగు ఇళ్ళ పూజగదుల్లోకి వచ్చిన లక్ష్మీ సరస్వతుల పటాలు ఆ రాళ్ళ మీద పుట్టినవే. మనకు రంగుల రాతి అచ్చు దేవుడి పటంగా పరిచయమైంది, పారిస్ వాళ్ళకు దీపపు నూనెగా.

మళ్ళీ చెవి దగ్గరికి. టెలిఫోను తీగలో పాట ఎలా వినిపించి ఉంటుంది? నిజం చెప్పాలంటే అంతంతమాత్రంగానే. ఆనాటి టెలిఫోను సెకనుకు మూడు వందల కంపనాల కింది శబ్దాలనూ, కొన్ని వేల పైవాటినీ దాదాపు వదిలేసేది. వాద్యబృందంలోని పెద్ద వాయిద్యాల మంద్ర స్వరాలు అందులోంచి రావు. అయినా జనం మైమరచి విన్నారు. దీనికి కారణం మన మెదడు చేసే ఒక పని. ఫోనులో నాన్న గొంతు వినగానే గుర్తుపడతాం కదా. మగవాడి గొంతు మూల కంపనం సెకనుకు 120 అనుకుందాం. పాత ఫోను దాన్ని మోయలేదు. కానీ ఆ గొంతులో 360, 480, 600 దగ్గర ఉపస్వరాలు కూడా ఉంటాయి, అవి చేరతాయి. వాటి మధ్య ఎడం 120 అని లెక్కగట్టి, రాని మూల స్వరాన్ని మెదడే వినిపించుకుంటుంది. మూల స్వరం తీగలో లేదు, మనకు మాత్రం వినిపిస్తుంది. శ్రోత వాద్యబృందంలో చేరకుండానే సగం వాయించేస్తాడన్నమాట. షెరేకు ఈ సిద్ధాంతం తెలిసి గీశాడని నేననను. కానీ యంత్రాన్ని వదిలి వినే ముఖాన్ని గీయడంలో ఆయన, తెలియకుండానే, అసలు పని జరుగుతున్న చోటును గీశాడు.

ఈ మెదడు పనికి హద్దూ ఉంది. నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ ఉబ్బసం రోగి. ఇల్లు కదలడం కష్టం. 1911లో థియాట్రోఫోన్‌కు చందా కట్టి, మంచం మీద పడుకుని వాగ్నర్, డెబుస్సీల సంగీతం విన్నాడు. స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఒక ముచ్చట ఉంది. వింటూ వింటూ ఒకచోట ఈ రొద ఆహ్లాదంగానే ఉంది గానీ రూపం తెలియడం లేదే అనుకున్నాడట. తీరా చూస్తే అది విరామంలో ప్రేక్షకుల గోల.

ఇంతవరకూ శబ్దాన్ని దూరం పంపడమే. దాచిపెట్టడం ఇంకో దారి. శబ్దాన్ని కాగితం మీద గీసిన మొదటివాడు కూడా పారిస్ అచ్చుపని మనిషే కావడం విశేషం. ఎదువార్ లెయోన్ స్కాట్ ద మార్తిన్‌విల్ 1857లో ఒక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. దీపపు మసి పట్టించిన కాగితాన్ని సిలిండరుకు చుట్టి, ఒక బూర ముందు పాడితే, దాని చివరనున్న పొరకు అంటించిన కుచ్చువెంట్రుక మసిలో అలలు గీస్తుంది. వినిపించాలని ఆయన అనుకోలేదు. శబ్దం చేతిరాత చూద్దామనే ఆశ. 1860 ఏప్రిల్ 9న గీసిన ఒక జానపద గీతాన్ని 2008లో పరిశోధకులు కంప్యూటరుతో చదివించి మొదటిసారి వినిపించారు. మొదట ఆడపిల్ల గొంతనుకున్నారు. వేగం సరిచేసి చూస్తే మగగొంతు, బహుశా స్కాట్‌దే. 1877 ఏప్రిల్‌లో కవి షార్ల్ క్రో, అలా గీసిన గీతను మళ్ళీ శబ్దం చేయొచ్చని రాసి సైన్స్ అకాడమీకి సీలు వేసిన కవరు ఇచ్చాడు. ఆ ఏడాది చివరికల్లా అమెరికాలో ఎడిసన్ యంత్రం చేసి చూపించేశాడు. ఆలోచన కవరులో ఉంటే పేరు యంత్రానికే వస్తుంది.

ఫ్రాన్సులో ఫోనోగ్రాఫును ఇంట్లోకి తెచ్చినవాళ్ళలో గడియారాల పనివాడు ఆన్రీ లియొరె ఒకడు. 1893లో జుమో కంపెనీ బొమ్మ పాపాయి పొట్టలో మాట్లాడే యంత్రం పెట్టాడు. మైనపు సిలిండర్లు పిల్లల చేతిలో నిలవవు కాబట్టి, సెల్యులాయిడును వేడికి మెత్తబరిచి అచ్చులో ఒత్తాడు. పడినా పగలదు, ఎన్ని నకళ్ళైనా తీయొచ్చు. చాక్లెట్ మెనియేర్ కంపెనీ కోసం వీధి కియోస్కు ఆకారంలో చిన్న ఫోనోగ్రాఫు కూడా చేశాడు. అంటే ప్రకటనే పాడటం మొదలెట్టింది.

అసలు పెద్ద వ్యాపారం పాథే అన్నదమ్ములది. షార్ల్ పాథే 1894లో ఒక తిరునాళ్ళలో ఎడిసన్ ఫోనోగ్రాఫు చూసి, ఒకటి కొని, ఊరూరా తిప్పి నాణేలు ఏరుకున్నాడు. 1896లో అన్నతో కలిసి పాథే ఫ్రేర్ పెట్టాడు. 1899లో బులెవార్ దెజితాలియెన్ మీద ఫోనోగ్రాఫు సెలూను తెరిచారు. కుర్చీలో కూర్చుని, కావలసిన పాట కోరి, నాణెం వేసి, గొట్టాలు చెవులకు పెట్టుకుంటే, కింది అంతస్తులో పనివాళ్ళు ఆ సిలిండరు ఎక్కించేవారు. తర్వాత పళ్ళెం ఆకారపు రికార్డులకు మారారు. వాళ్ళ పళ్ళేల్లో గాడి పక్కకు కదలదు, పైకీ కిందికీ కదులుతుంది. పాట లోపలినుంచి బయటికి నడిచేది. ఉక్కు సూది బదులు నీలపు గోళీ. ఇతర గ్రామఫోన్లలో ప్రతి పక్కకూ సూది మార్చాలి, పాథేలో అక్కర్లేదు. ప్రకటనల్లో ఈ మాటే పదే పదే. ఇబ్బందల్లా, పాథే పళ్ళెం వేరేవాళ్ళ యంత్రం మీద పాడదు. అలా పాథే కొన్నవాడు పాథే వాడుగానే ఉండిపోవాలి. ఇవాళ్టి ఫోను కంపెనీలకు ఈ తెలివి పుట్టుకతో రాలేదన్నమాట.

పాథే గుర్తు కోడిపుంజు, ఫ్రాన్సు దేశపు గుర్తే అది. దాని నినాదం: గొంతెత్తి స్పష్టంగా పాడతాను. ఇంగ్లండులో పోటీ గుర్తు కుక్క. ఫ్రాన్సిస్ బరౌడ్ అనే చిత్రకారుడు నిప్పర్ అనే కుక్కను ఎడిసన్ రకం సిలిండరు యంత్రం ముందు గీశాడు. 1899లో గ్రామఫోన్ కంపెనీ వంద పౌండ్లకు బొమ్మా, హక్కులూ కొని, సిలిండరు యంత్రం మీద రంగు వేయించి తమ గ్రామఫోను గీయించింది. ఫ్రాన్సులో దాని పేరు 'లా వ్వా ద సన్ మేత్ర్', యజమాని గొంతు. మన ఊళ్ళలో కుక్కబొమ్మ రికార్డులు అన్నది దీన్నే. పాథే కోడి కూడా మన దేశం వచ్చింది. కలకత్తాలో హేమేంద్ర మోహన్ బోస్ సిలిండర్ల మీద రికార్డు చేసిన పాటలను, టాగూరు గొంతుతో సహా, పాథే పళ్ళేలుగా చేయించి అమ్మాడు. కానీ లోకంలో నిలిచిపోయింది కుక్కే. కోడి కూస్తుంది, కుక్క వింటుంది. వినే ముఖమే గెలిచింది, షెరే అమ్మాయి విషయంలో గెలిచినట్టే.

బొమ్మల వినోదం సంగతి క్లుప్తంగా. ఎమీల్ రెనో 1877లో ప్రాక్సినోస్కోపు అనే అద్దాల బొంగరం చేసి ఇళ్ళకు అమ్మాడు. 1892లో గ్రెవాఁ మ్యూజియంలో తన కదిలే బొమ్మలను తెర మీద చూపించినప్పుడు పోస్టరు గీసింది మన షెరేనే. లూమియేర్ సోదరుల సినిమా 1895 డిసెంబరులో వచ్చి రెనోను ముంచేసింది. అయితే సినిమా ఇంటికి రావడానికి అడ్డు నిప్పు. నైట్రేటు ఫిల్ము పేలుడు మందుకు దగ్గరి చుట్టం. 1897 మేలో పారిస్ ధర్మసంతలో సినిమా యంత్రపు ఈథర్ దీపం వల్ల మంటలు లేచి నూట ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ భయం పోగొట్టకుండా ఏ పోస్టరూ ఇంటి సినిమాను అమ్మలేదు. పాథే 1912లో తెచ్చిన కోక్ యంత్రం త్వరగా అంటుకోని ఎసిటేటు ఫిల్ముతో నడిచేది. మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ము అందులో పట్టకుండా వెడల్పు కావాలనే 28 చేశారు. ఇంట్లో కరెంటు అక్కర్లేదు, పిడి తిప్పుతుంటే లోపలి డైనమోయే దీపం వెలిగించేది. తిప్పడం ఆపితే హీరో చీకట్లో కలిసిపోయేవాడు. 1922 క్రిస్మస్‌కు పాథే బేబీ వచ్చింది. ఫిల్ము వెడల్పు 9.5 మిల్లీమీటర్లే. అంచుల్లో కాకుండా ఫ్రేముల మధ్య ఒక్కటే బెజ్జం, అందువల్ల బొమ్మకు చోటు ఎక్కువ. మాటలు రాసిన ఫ్రేము దగ్గర అంచున చిన్న గాటు ఉంటుంది. యంత్రం ఆ గాటును పసిగట్టి ఫిల్మును కాసేపు ఆపేది. ఒక్క ఫ్రేముతో పని గడిచి ఫిల్ము ఆదా. ఇంట్లోనే సినిమా అన్న మాట పోస్టర్లలో అప్పటికి అతిశయోక్తి కాకుండా పోయింది.

ఈలోగా పోస్టరే ఇంటి వినోదం అయిపోయింది. రాత్రిపూట తడి స్పాంజీతో గోడల మీది షెరే బొమ్మలు ఊడదీసుకుపోయేవాళ్ళు, అంటించేవాడి చేతిలో నాణెం పెట్టి కొత్తవి సంపాదించేవాళ్ళు పెరిగారు. 1895 నుంచి 1900 దాకా పోస్టర్లను చిన్న సైజులో మళ్ళీ అచ్చువేసి, 'పోస్టరు ఉద్దండులు' అని పేరు పెట్టి, చందాదారులకు 256 బొమ్మలు పంపారు. కోరుకున్న బొమ్మకు అద్దం కట్టించి గదిలో పెట్టుకోవచ్చు. గోడలకు పుట్టిన కళ గోడలకే వచ్చింది, ఈసారి లోపలి వైపుకు.

రేడియో వచ్చాక తీగ మీద పాటకు కాలం చెల్లింది. 1932లో థియాట్రోఫోన్ మూతపడింది. కంటిచూపు పోయిన షెరే నీస్ పట్టణంలో తొంభై ఆరో ఏట అదే సంవత్సరం చనిపోయాడు.

ఆయన పోస్టర్లు చాలావాటిని ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం గాలికా అనే వెబ్‌సైటులో ఉచితంగా పెట్టింది. ఒకటి తెరిచి, బొమ్మను పెద్దది చేసి, అమ్మాయి బుగ్గ దగ్గర ఆగి చూడండి. తుంపర కనిపిస్తుంది. తర్వాత ఫోనును చెయ్యి చాచినంత దూరం పెట్టి చూడండి. ఆ చుక్కలు ఎక్కడ బుగ్గగా మారాయో మీరే పట్టుకోవచ్చు.